పటిక వేసిన నీటిలో ఫ్లోరైడ్ కొలిచేటప్పుడు

బోరు నీటికి పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) దాన్ని 1970లలో రూపొందించింది. బకెట్‌లో వాటిని కలిపి, నిదానంగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు వంచుకోవడమే. చేయడం తేలికే. నిజంగా ఎంత తగ్గిందో కొలవడం దగ్గరే చిక్కంతా.

చాలా ల్యాబుల్లో స్పాడ్న్స్ రంగు పరీక్షే వాడతారు. జిర్కోనియం, రంగు కలిసిన ఎర్రటి ద్రావణంలో నుంచి ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాగేసుకుంటుంది, ఎరుపు తగ్గుతుంది. ఆ తగ్గుదలను 570 నానోమీటర్ల దగ్గర చదువుతారు. శుద్ధి చేయని బోరు నీటికి ఇది బాగానే పనిచేస్తుంది. పటిక వేసిన నీటిలో మాత్రం అల్యూమినియం మిగిలి ఉంటుంది. ఫ్లోరైడ్ దాన్ని పట్టుకుని జిర్కోనియం జోలికి పోదు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము అల్యూమినియం ఉన్నా వెంటనే చదివితే ఫ్లోరైడ్ అంతే మేర తక్కువగా కనిపిస్తుంది. నీళ్లలో ఉన్నదే లెక్కలోకి రాకుండా పోయి, శుద్ధి బ్రహ్మాండంగా జరిగినట్టు నివేదిక తయారవుతుంది. పటిక ప్రయోగానికి స్పాడ్న్స్ ఫలితాలు చూపిస్తే నేనైతే నమ్మను.

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ మేలు. కానీ దాని కొనలోని లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికానికి కూడా విడిగా ఉన్న ఫ్లోరైడే కనిపిస్తుంది. అందుకే టిసాబ్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచి, పట్టుబడ్డ ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణం) తప్పనిసరి. అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 57 మి.లీ. గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, 58 గ్రాముల సోడియం క్లోరైడ్, 4 గ్రాముల సీడీటీఏ (లోహాలను పట్టుకునే రసాయనం) వేసి, బీకరును చల్లటి నీళ్లలో ఉంచి, 6 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 5.0–5.5కి తెచ్చి, లీటరుకు నింపాలి. నమూనా, బఫర్ సమానంగా కలపాలి. పీహెచ్ బాగా దిగితే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో జతకడుతుంది, బాగా పెరిగితే హైడ్రాక్సైడ్‌ను స్ఫటికం ఫ్లోరైడే అనుకుంటుంది. అల్యూమినియం నుంచి ఫ్లోరైడ్‌ను విడిపించేది సీడీటీఏ. ఆ పని గది ఉష్ణోగ్రత దగ్గర నెమ్మదిగా జరుగుతుంది. కలిపిన వెంటనే ఒకసారి, కాసేపాగి మరోసారి చదవండి. రెండో అంకె పెద్దదైతే మొదటిది పక్కన పెట్టాల్సిందే.

లీటరు నీటిలో 0.221 గ్రాముల ఎండబెట్టిన సోడియం ఫ్లోరైడ్ వేస్తే 100 మి.గ్రా. ఫ్లోరైడ్ ద్రావణం వస్తుంది. దాన్ని ప్లాస్టిక్ సీసాలోనే ఉంచాలి, గాజులో కాదు. 1, 10 మి.గ్రా. స్టాండర్డ్‌ల (గాఢత ముందే తెలిసిన ద్రావణాల) మధ్య ఎలక్ట్రోడ్ చూపే తేడా 54 నుంచి 60 మిల్లీవోల్ట్‌లు రావాలి. అంతకన్నా తగ్గితే స్ఫటికం మురికిపట్టిందో, స్టాండర్డ్ తప్పిందో చూడాలి. మాగ్నెటిక్ స్టిరర్ వేడెక్కి బీకరును కూడా వేడి చేస్తుంది కనుక మధ్యలో థర్మాకోల్ ముక్క పెట్టండి. చివరగా శుద్ధి చేసిన నీటికే లీటరుకు 1 మి.గ్రా. చొప్పున ఫ్లోరైడ్ కలిపి కొలవండి. పెరుగుదల 0.7 మాత్రమే వచ్చిందంటే అల్యూమినియం బఫర్‌ను మించిపోయింది, నమూనాను పలచన చేయాలి.

ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) కూడా కొలవాలి. మన గ్రానైట్ నేలల్లో నీటిలోని ఫ్లోరైడ్‌కు పైహద్దు వేసేది కాల్షియమే. లీటరుకు 40 మి.గ్రా. కాల్షియం ఉంటే ఫ్లోరైట్ (కాల్షియం ఫ్లోరైడ్ ఖనిజం) కరుగుదల లెక్కన ఫ్లోరైడ్ దాదాపు 3 మి.గ్రా. దాకా నిలుస్తుంది, కాల్షియం 10కి పడిపోతే దాదాపు 6 దాకా. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువున్న మెత్తని నీళ్లే అందుకు ప్రమాదం. పీహెచ్ మాత్రం బోరు దగ్గరే, కండక్టివిటీ (విద్యుత్ వాహకత) నిలకడ పడ్డాక చూడాలి. సీసాలోంచి కార్బన్ డయాక్సైడ్ పోతే పీహెచ్ పెరిగి, సున్నపురాయి అడుగున పేరుకుని, కాల్షియం, క్షారత రెండూ తగ్గిపోతాయి.

క్షారత తెలియకుండా పటిక మోతాదు చెప్పలేం. లీటరుకు 500 మి.గ్రా. ఫిల్టర్ ఆలం వేస్తే దాదాపు 250 మి.గ్రా. క్షారత ఖర్చవుతుంది, 240 మి.గ్రా. సల్ఫేట్ అదనంగా చేరుతుంది. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం సల్ఫేట్‌కు లీటరుకు 200 మి.గ్రా., వేరే నీళ్లు దొరకనిచోట 400. ఫ్లోరైడ్‌కు అవే 1.0, 1.5. ఇంకో పొరపాటు కిరాణా కొట్టు దగ్గర జరుగుతుంది. అక్కడ దొరికే పటిక చాలావరకు పొటాష్ ఆలం, దానిలో అల్యూమినియం 5.7 శాతమే. నీటి శుద్ధి కేంద్రాల ఫిల్టర్ ఆలంలో 9 శాతం. ఫిల్టర్ ఆలం పట్టిక చూసి పొటాష్ ఆలం తూచితే అల్యూమినియం మోతాదు మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది.

తేరిన నీళ్లను వెంటనే వంచి, గుడ్డలో వడగట్టండి. రాత్రంతా మడ్డి మీదే వదిలేస్తే పట్టుకున్న ఫ్లోరైడ్‌లో కొంత మళ్లీ నీటిలోకి వస్తుంది. మడ్డిని పెరటి మొక్కలకు, పశువుల కుడితిలో పోయకూడదు.