అమ్మతో నేలపట్టు గట్టు మీద

జనవరి, ఆదివారం.

పొద్దున ఇడ్లీలు తింటుంటే అమ్మ అడిగింది, "ఆ పక్షుల చెరువు ఇక్కడికి దగ్గరే అన్నావుగా, ఎప్పుడు తీసుకెళ్తావే?" నాయుడుపేట వచ్చి రెండేళ్లయినా ఆ పని చేయలేదు. నానబెట్టిన బట్టలు అలాగే వదిలేసి బస్సెక్కాం. దొరవారిసత్రంలో దిగితే నేలపట్టుకు ఆటోలో ఎంతోసేపు పట్టదు.

గట్టు ఎక్కకముందే ఎండు చేపల గంప తెరిచినట్టు వాసన. ఆ వెంటనే గోల. పెద్ద గూడబాతులు (పెలికాన్‌లు) అంతగా నోరు విప్పవు, ఆ అరుపులన్నీ పిల్లలవే. నీళ్లలో నిలబడ్డ కడప చెట్లు రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయాయి. కొమ్మకొమ్మకీ గూళ్లు. మధ్యలో నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణం పక్షులు.

వాచ్ టవర్ మీద ఎవరో పెద్దాయన తన బైనాక్యులర్స్ అమ్మకిచ్చారు. దగ్గరి చెట్టు మీద ఒక పిల్ల, ఇంకా నూగు పోలేదు, అయినా దాదాపు తల్లంత ఉంది. తల్లి వచ్చి వాలగానే కొమ్మ కిందికి వంగింది. పిల్ల ఆగలేదు. తలనీ మెడనీ తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. లోపల అది వెతుక్కుంటుంటే సంచి అటూ ఇటూ ఉబ్బుతోంది. "అయ్యో, దాని గొంతు చిరిగిపోదూ!" అంది అమ్మ, బైనాక్యులర్స్ మాత్రం దించకుండా. ఆ చేపల కోసం ఈ తల్లులు పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళ్లి వస్తాయి. ఒక్కసారి కాదు, పిల్లకు రెక్కలొచ్చేదాకా.

తర్వాత అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. అమ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెం వైపు. ఆ దగ్గర్లోని ఆరేడులో ఒకప్పుడు వేలల్లో గూడబాతులు గూళ్లు కట్టేవి. తన చిన్నప్పుడు తాతయ్య సైకిల్ మీద తీసుకెళ్లి చూపించారట. 1970ల మధ్యకల్లా అక్కడ ఒక్కటీ మిగల్లేదు. "కొట్లాడవే అవి, పోట్లాడవు. బాగోకపోతే లేచిపోతాయి, అంతే" అంది. నేలపట్టును 1976లో అభయారణ్యం చేశారు, సుమారు 458 హెక్టార్లు. అమ్మ చూసిన చోటు పోయిన రోజుల్లోనే ఈ చోటు నిలబడిందన్నమాట. బోర్డు మీద ఎన్నిసార్లు చదివినా ఈ సంగతి నాకు తట్టలేదు.

పదకొండు దాటాక ఒక గుంపు వచ్చి గట్టు మీద స్పీకర్‌లో పాటలు పెట్టింది. ఒక్కసారిగా ముప్ఫై నలభై పక్షులు లేచాయి. గూళ్లలో పిల్లలు ఎండలో ఒంటరిగా. కాకులు ఎక్కడి నుంచి వస్తాయో, క్షణంలో దిగాయి. నాకు చేతులు వణికాయి. వెళ్లి బతిమాలాను. ఒకబ్బాయి "సారీ అక్కా" అని ఆపేశాడు. తల్లులు మళ్లీ వాలేదాకా నాకు ఊపిరాడలేదు. అక్కడ అందరికీ కనబడేలా ఒక మనిషిని నిలబెడితే ఎంత బాగుంటుంది! కంచె వేస్తే చాలదు, శబ్దానికి కంచె అడ్డం కాదు కదా.

తిరిగొస్తుంటే బర్రెలు తోలుకెళ్తున్న తాతను అమ్మ పలకరించింది. రెట్టలు కలిసిన ఈ నీళ్లు పారితే పైరు బాగా లేస్తుందట. "ఇవి రాని ఏడు చెరువులో నీళ్లుండవు పాపా, నీళ్లు లేని ఏడు మాకు పంటా ఉండదు" అన్నాడు. చెట్ల కింద నీళ్లుంటేనే అవి ధైర్యంగా గూడు కడతాయి. ఆయన లెక్కా వాటి లెక్కా ఒకటే.

హైవే మీద బస్సు కోసం నిలబడితే లారీల పైన వరసగా గూడబాతులు చెరువు వైపు వెళ్తూ కనిపించాయి. అమ్మ వేలు చూపిస్తూ లెక్కపెట్టింది, పదకొండు. కాస్త వెనక ఇంకొకటి వస్తోంది. బస్సు వచ్చి ఆగినా, అది మా తల మీదుగా దాటేదాకా అమ్మ ఎక్కలేదు.