మాఘ ఆదివారం, తడి పిడకలు

కార్తీకంలో అనుకున్నాం, కుదరలేదు. ధనుర్మాసంలో అనుకున్నాం, అప్పుడూ కుదరలేదు. ఆఖరికి మాఘమాసంలో ఓ ఆదివారం పడింది మా నలుగురు స్నేహితురాళ్ళ ప్రయాణం. విజయనగరం నుంచి అరసవల్లి వెళ్ళి, సూర్యనారాయణమూర్తికి పరమాన్నం పొంగించి, దర్శనం చేసుకుని, అటునుంచటే శ్రీకూర్మం చూసుకుని చీకటి పడేలోగా ఇంటికొచ్చేయాలి. బస్సులో వెళ్ళినా రెండు గంటల దారి, దీనికి ఇన్ని నెలల ఆలోచనా అని మా ఆయన నవ్వారు. ఆయనకేం, చొక్కా తొడుక్కుంటే ప్రయాణం మొదలైపోతుంది. కార్తీకంలో మా పెద్దొదిన వాళ్ళ అత్తగారు బాత్రూంలో జారిపడ్డారు. డిసెంబర్లో టీచరమ్మకి పేపర్లు దిద్దే పని. సంక్రాంతి ముందు చిన్నొదిన మిషను మీంచి తల ఎత్తలేదు, ఊళ్ళో జాకెట్లన్నీ ఆవిడ దగ్గరే. మిగిలింది నేను, నాది తేదీల గొడవ.

ఈ తేదీల గొడవ గురించి మన ఆడవాళ్ళెవరూ యాత్రల ముచ్చట్లలో రాయరు. నలభై అయిదు దాటాక పుణ్యక్షేత్రానికి రోజు పెట్టుకోవడం అంత టెన్షన్ ఇంకోటి లేదు. రెండు నెలలు అయిపు ఉండదు, ఇంక ఆగిపోయిందేమో అనుకుంటాం, సరిగ్గా బండి మాట్లాడుకున్న రోజు సాయంత్రం కడుపులో నొప్పి మొదలవుతుంది. ధనుర్మాసం ప్రయాణం ఆగింది అందుకే. మాత్ర వేసుకుంటే వాయిదా పడుతుంది కదా అని మా ఆడపడుచు సలహా ఇచ్చింది. మా డాక్టరమ్మని అడిగితే "బీపీ ఉన్నదానివి, ఈ వయసులో అలాంటివి అడక్కుండా మింగకు, దేవుడెక్కడికీ పోడు" అని కసిరింది. కసిరినా మంచి మాటే అనిపించింది.

మేం నలుగురం ఎలా కలిశామంటే, పిల్లలది ఒకే స్కూలు ఆటో. అయ్యకోనేరు గట్టు దగ్గర పొద్దున్నే ఆ ఆటో కోసం నిలబడేవాళ్ళం, ఒకరి చేతిలో టిఫిన్ డబ్బా, ఒకరి చేతిలో రెండో జడ రిబ్బను. ఆ పిల్లలు ఇప్పుడు బెంగళూరులో ఒకడు, హైదరాబాదులో ఇద్దరు, పెద్దొదిన కూతురు విశాఖపట్నంలో కడుపుతో ఉంది. ఆటో మానేసినా గట్టు దగ్గర నిలబడటం మానలేదు మేం. పెద్దొదిన మా అందరికన్నా పెద్దది, మమ్మల్ని ఇప్పటికీ "ఒసే పిల్లా" అనే పిలుస్తుంది.

తెల్లవారుజామున నాలుగింటికి బండెక్కాం. మంచు ఎంతలా పట్టిందంటే నాతవలస దాకా డ్రైవరు కుర్రాడు తల బయటికి పెట్టి మరీ నడిపాడు. నాకు స్వెట్టరు, దాని మీద శాలువా. టీచరమ్మ వాళ్ళాయన మంకీ క్యాప్ తగిలించుకొచ్చింది, స్కూల్లో పిల్లలెవరైనా చూస్తే పరువు పోతుందని చీకట్లో కూడా తల దించుకునే కూర్చుంది. హైవే ఎక్కి పూసపాటిరేగ దాటామో లేదో, చిన్నొదిన ఉన్నట్టుండి కిటికీ అద్దం మొత్తం దించేసింది. గాలి రివ్వున వచ్చి ముఖాన కొట్టింది.

"ఓలమ్మా, సచ్చిపోతన్నామే, అద్దం ఎత్తు!"

"ఎత్తను. నా ఒళ్ళు కాలిపోతంది."

ఫోను లైటు వేసి చూస్తే నిజంగానే నుదురంతా చెమట, జాకెట్టు వీపు తడిసిపోయింది. ఆ చలిలో! ఈ ఆవిర్లు తనకి సంక్రాంతి నుంచీ వస్తున్నాయట, రాత్రుళ్ళు లేచి వరండాలో కూర్చుంటోందట, మాకెవరికీ చెప్పలేదు. అప్పుడు పెద్దొదిన నోరు విప్పింది. తనకీ రెండేళ్ళు ఇదే బాధట, పుష్యమాసంలో మంచం దిగి గచ్చు మీద పడుకునేదట. అత్తగారికి చెబితే దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసేవారట, ఆ ఘాటుకి చెమట ఇంకా ఎక్కువ పట్టేదట. బండిలో ఒకటే నవ్వు. డ్రైవరు కుర్రాడు ఏమీ విననట్టు పాటల సౌండు పెంచేశాడు, మంచి పిల్లాడు. రణస్థలం దాకా అద్దం అలా దించే ఉంచాం, ముగ్గురం ఒకే శాలువాలో ముడుచుకుని.

ఎచ్చెర్ల దాటి శ్రీకాకుళంలోకి వచ్చేసరికి నాగావళి మీద తూరుపు ఎర్రబడింది. రథసప్తమి రోజే రావాలని పెద్దొదినకి కోరిక ఉండేది. ఆ రోజు అర్ధరాత్రి నుంచే క్షీరాభిషేకం, నిజరూప దర్శనం, క్యూలు ఎక్కడికో పోతాయి. 2025లో దాన్ని రాష్ట్ర పండుగ చేశాక జనం ఇంకా పెరిగారు. మా మోకాళ్ళు అంత భక్తికి ఒప్పుకోవు. మాఘంలో మామూలు ఆదివారానికే ఆటోలు గుడికి చాలా ఇవతల ఆపేస్తున్నారు. దారి పొడుగునా చెరకు గడలు, జిల్లేడాకులు, చిక్కుడాకుల కట్టలు, రేగుపళ్ళు.

ఇంద్రపుష్కరిణిలో కాళ్ళు కడుక్కుని నెత్తిన నీళ్ళు చల్లుకున్నాం, మునిగే ధైర్యం ఎవరికీ లేదు. టీచరమ్మ స్థలపురాణం మొదలెట్టింది. వేళ కాని వేళ కోటేశ్వరుడి గుళ్ళోకి ఇంద్రుడు దూసుకుపోబోతే నందీశ్వరుడు తన్నాడట, వచ్చి ఇక్కడ పడ్డాడట, సూర్యుణ్ణి తలుచుకుని వజ్రాయుధంతో తవ్వితే విగ్రహం దొరికిందట. ఆ కోటేశ్వరుడి గుడి ఊళ్ళోనే నాగావళి ఒడ్డున ఉంది. "దేవేంద్రుడికే తన్ను తప్పలేదు, మనమెంత" అంది చిన్నొదిన, నడుం పట్టుకుని.

అసలు కథ పొయ్యి దగ్గర. పిడకలు చిన్నొదిన వాళ్ళ ఊరివి, పట్నంలో దొరికే అచ్చు పిడకలు కావు, చేతి వేళ్ళ గుర్తులు కూడా కనిపిస్తుంటాయి. గోనెసంచిలో వేసి బండి పైన కట్టించింది. దారంతా కురిసిన మంచు ఆ సంచిలోనే దిగింది. మూడు రాళ్ళ మధ్య పేర్చి కర్పూరం వెలిగిస్తే కర్పూరం అయిపోతోంది, పిడక అంటుకోదు, పొగ మాత్రం కళ్ళల్లోకి. డిక్కీలో పెట్టమన్నానా లేదా అని పెద్దొదిన. డిక్కీలో నీ గుండిగ పెట్టాక చోటెక్కడిది అని చిన్నొదిన. టీచరమ్మ నోట్సు పుస్తకంతో విసురుతోంది, బూడిద నా పట్టుచీర మీదికి.

పక్క పొయ్యి దగ్గర ఒక ముసలమ్మ చాలాసేపు మమ్మల్నే చూసి, ఇంక ఉండబట్టలేక లేచి వచ్చింది.

"ఏ ఊరమ్మా మీది?"

"ఇజీనగరం."

"పట్నమోళ్ళా. అలగ ఊదితే ఏటంటుకుంటాది, ఇటియ్యండి."

తన పొయ్యిలోంచి రెండు నిప్పు కణికలు చెక్కతో తెచ్చి, మా పిడకల్ని విరిచి, పొడి ముఖం లోపలికి వచ్చేలా నిలబెట్టి, మధ్యలో కణికలు దూర్చి, కొంగుతో నాలుగు విసుర్లు విసిరింది. అంతే, ఎర్రగా రాజుకుంది. థాంక్స్ చెప్పేలోపు తన పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

పాలు కాగుతుంటే రెండో గొడవ. టీచరమ్మ గుప్పెడు పెసరపప్పు వేయించి తెచ్చింది, బియ్యంతో పాటు వేద్దామని. పెద్దొదిన ఒప్పుకోలేదు. స్వామికి నైవేద్యం అంటే బియ్యం, పాలు, బెల్లం, అంతే, నీ ప్రయోగాలు నీ స్కూల్లో చేసుకో అంది. బెల్లం ఎప్పుడు వేయాలన్న దగ్గర నేనూ దిగాను, మెతుకు పూర్తిగా ఉడికి గిన్నె దించాకే వేయాలి, మరిగే పాలల్లో వేస్తే విరిగిపోతాయి. అందులో ఎవరి మాటా వినలేదు. చెరకు గడతో కలుపుతుంటే గడ చివర పాలల్లో ఉడికి ఒక పచ్చి వాసన వస్తుంది, ఇంట్లో గరిటెతో వండే పరమాన్నానికి ఆ వాసన ఉండదు. పాలు తూర్పు వైపే పొంగాయి, గిన్నె కాస్త అటు వంచి పెట్టింది పెద్దొదినే అని నాకు అనుమానం. చిక్కుడుకాయలకి ఈనెపుల్లలు గుచ్చి చిన్నొదిన రథం కట్టింది, చక్రాలు సమంగా రాలేదని విప్పి మళ్ళీ కట్టింది, కుట్టుపని చేసే చెయ్యి కదా. చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి చూపించి దణ్ణం పెట్టుకున్నాం.

అప్పుడు చూసుకుంటే నా గొంతు బొంగురుపోయి ఉంది. ఇంట్లో నేను గొంతెత్తను. అన్నం మెత్తబడిందని అంటే సరే అంటాను, చలికి నువ్వుల నూనె రాయమంటే రాస్తాను, కొడుకు ఫోనులో "తరవాత చేస్తానమ్మా" అంటే అలాగే నాన్నా అంటాను. పెద్దొదిన అయితే అత్తగారి ముందు ఇప్పటికీ మెల్లగానే మాట్లాడుతుంది. అలాంటివాళ్ళం ఆ పొయ్యి చుట్టూ కూర్చుని నలుగురూ వినేలా అరుచుకున్నాం, ఎవరూ అలగలేదు, ఎవరూ మర్నాటికి దాచుకోలేదు. ఈ ముగ్గురితో తప్ప నేను ఎవరితోనూ ఇంత హాయిగా పోట్లాడలేను.

దర్శనం తొందరగానే అయింది. నల్లరాతి మూర్తి, రెండు చేతుల్లో తామర మొగ్గలు, పక్కన ఉష, పద్మిని, ఛాయ, కింద ఏడు గుర్రాలు, పగ్గాలు పట్టిన అనూరుడు. ఏడో శతాబ్దంలో కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడంటారు. ఏటా మార్చి 9, 10 తేదీల్లో, అక్టోబర్ 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు తిన్నగా వచ్చి స్వామి పాదాలు తాకుతాయి, మబ్బు పట్టకపోతే. నేనేం కోరుకున్నానని చిన్నొదిన అడిగింది. పిల్లాడి ఉద్యోగం పర్మనెంట్ కావాలని. తనది రాత్రి నిద్ర.

శ్రీకూర్మం దారిలో ఎండ బాగా ఎక్కింది, స్వెట్టర్లు ఒళ్ళోకి వచ్చాయి. కోసిన వరి మళ్ళలో పెసర, మినుము పచ్చగా ఉన్నాయి, సరుగుడు తోటలు, మామిడి పూత. రోడ్డు పక్కన తేగలు ఉడకబెట్టి అమ్ముతుంటే ఒక కట్ట కొన్నాం. పై పొర ఒలిచి, నిలువునా రెండుగా చీల్చి, మధ్యలో పుల్ల తీసేసి, పీచు తగిలితే కిటికీలోంచి ఉమ్ముతూ తినడమే.

శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే ముందూ వెనకా రెండు ధ్వజస్తంభాలు. లోపలికి వెళ్ళాక అర్చకులు దీపం దగ్గరగా పట్టి ఇది తల, ఇది వీపు, ఇది తోక అని చూపించారు. ప్రదక్షిణ మండపంలో గోడల మీది పాత బొమ్మల్ని, స్తంభాల మీది శాసనాల్ని టీచరమ్మ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నిలబడిపోయింది. వెనక నక్షత్ర తాబేళ్ళున్నాయి. తోటకూర ఆకు పెడితే ముందు మెడ చాపి చూసి, ఆలోచించుకుని, అప్పుడు కొరుకుతాయి.

పెద్దొదిన కనబడకపోతే వెతికాం. శ్వేతపుష్కరిణి మెట్ల మీద కూర్చుని ఉంది. వాళ్ళమ్మగారి అస్థికలు ఈ నీళ్ళలోనే కలిపారట. ఈ వైపు చాలామంది కాశీ దాకా వెళ్ళలేకపోతే ఇక్కడికే తెస్తారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తరవాత తనే అంది, "మా అమ్మ పరమాన్నంలో పెసరపప్పు వేసేదే."

టీచరమ్మ ఒక్క ఉదుటున లేచింది. "మరి పొద్దున్న నన్నెందుకు అన్ని మాటలన్నావ్ వదినా?"

"నువ్వు సెప్తే ఏస్తానేటి?"

ఆ పెసరపప్పు పొట్లం ఇంకా టీచరమ్మ సంచిలోనే ఉంది. తీసి పెద్దొదిన చేతిలో పెట్టింది, రేపు ఇంట్లో వండుకో అని.

తిరుగు దారిలో ఇళ్ళ నుంచి ఫోన్లు. గ్యాస్ లైటర్ ఎక్కడుందని ఒకరు, పెరుగు తోడు పెట్టాలా అని ఒకరు. మా ఆయన ఫోను చేసి భోంచేశారా అని అడిగారు, బాగుంది కదా అనుకున్నాను, వెంటనే రాత్రికేంటి అన్నారు. శ్రీముఖలింగం ఎప్పుడు అన్న మాట వచ్చింది, వంశధార ఒడ్డున మధుకేశ్వరుడి గుడి నేనింకా చూడలేదు. శివరాత్రికి జాతర, ఊపిరాడదు. ఆ తరవాత పెద్దొదినకి కూతురి పురుడు. తేలలేదు.

బండి అద్దె, టిఫిన్లు, పూజ సామాను అన్నీ టీచరమ్మ నోట్సు పుస్తకంలో రాసి నాలుగు భాగాలు చేసింది. పిడకల దగ్గర లెక్క ఆగింది. సొంత ఊరివి, ఊరికే వచ్చాయి కదా, వాటికి డబ్బులేంటి అంటుంది టీచరమ్మ. బస్టాండు నుంచి మోసుకొచ్చిన ఆటోకి నేనిచ్చుకోలేదా అంటుంది చిన్నొదిన. తడిసిన పిడకలకి పైసా ఇవ్వనని పెద్దొదిన. నా వాటా ఇచ్చేశాను కాబట్టి నేను మధ్యలోకి వెళ్ళడం లేదు.