కాలనీ పార్కులో ముందు మట్టి, ఆ తర్వాతే టైల్స్

హైదరాబాద్ కాలనీల్లో పార్కుకి డబ్బులు మంజూరు కాగానే ఓపెన్ జిమ్, రంగురంగుల పేవర్ బ్లాకులు దిగిపోతాయి. రెండు వేసవులు గడిచినా మొక్కలు మాత్రం నడుమెత్తు దాటవు. నీళ్లు పోయలేదని తోటమాలిని తిడతారు గానీ, తప్పు చాలాసార్లు నేలలో ఉంటుంది. లేఅవుట్లలో పార్కుకి వదిలేది తరచూ ప్లాట్లకి పనికిరాని పల్లమో, రాతి మూలో. అందులో కూల్చిన ఇళ్ల శిథిలాలు పోసి, పైన అరడుగు ఎర్రమట్టి పరిచేస్తారు.

టెండర్ కంటే ముందు గడ్డపార పట్టించండి. నాలుగైదు చోట్ల అడుగున్నర లోతు తవ్వించి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలు పెట్టి చూడండి. అంగుళం దిగితే బెంగ లేదు. అర అంగుళమైనా దిగకపోతే అడుగున గట్టి మొరమో, కాంక్రీటు పెళ్లలో ఉన్నట్టే. ఆ పొర పగలగొట్టకుండా గుంతలో మంచి మట్టి నింపితే అది అడుగు మూసిన తొట్టే. వానలకి నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. మే నెలలో ఎండిపోయిన మొక్కకి అసలు దెబ్బ ఆగస్టులోనే తగిలి ఉంటుంది.

నీడచెట్లకి గుంత మూడడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. ఏప్రిల్, మే నెలల్లో తవ్వి ఎండనివ్వాలి. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, గుంతకి అరకిలో వేపపిండి కలపాలి. పచ్చి ఎరువు వేస్తే చెదలు పడతాయి. గుంతకి 27 ఘనపుటడుగులు, 50 మొక్కలకి 1,350. ట్రాక్టర్ ట్రక్కుకి సుమారు వంద చొప్పున 13, 14 ట్రక్కులు కావాలి. ఎస్టిమేట్‌లో ఈ పద్దు లేకపోతే మూడడుగుల గుంత కాస్తా అడుగు గుంత అయి కూర్చుంటుంది.

కానుగ, వేప 20 నుంచి 25 అడుగుల ఎడంలో వెయ్యండి. కరెంటు తీగల కింద పారిజాతం, దేవకాంచనం చాలు. తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు జోలికి పోకండి. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. పిల్లలు ఆడే చోట పచ్చ గన్నేరు అసలే వద్దు, గింజలు విషం.

లాన్ మోజు ఖరీదైనది. ఎండాకాలంలో రోజుకి ఐదు మిల్లీమీటర్ల తడి ఇచ్చినా, వెయ్యి చదరపు మీటర్లకి 5,000 లీటర్లు, అంటే రోజూ ఒక ట్యాంకర్. ఆడుకునే మేర గడ్డి ఉంచి, మిగతాది చెట్ల నీడకి వదిలెయ్యడం మేలు.

ఎక్కువగా చెడేది లెవెల్. మొక్కల మడి నడకదారి కంటే మూడు, నాలుగు అంగుళాలు కిందికి ఉండాలి. అందంగా ఉంటుందని ఎత్తుగా పోస్తారు. మొదటి వానకే మట్టంతా దారి మీదికి, నీళ్లన్నీ డ్రెయిన్లోకి. దారి మీటరుకి రెండు సెంటీమీటర్లు మడివైపు వాలాలి, దారి అంచున పెట్టే కర్బ్ రాళ్ల మధ్య అక్కడక్కడా సందు వదలాలి. చెట్టు మొదలు చుట్టూ కనీసం మూడడుగులు సిమెంటు, బ్లాకులు రానివ్వకండి.

మిగిలిన నీరు పల్లంలో ఇంకుడు గుంతకి చేరాలి: అడుగున 40 ఎం.ఎం. కంకర, దాని మీద 20 ఎం.ఎం., పైన దొడ్డు ఇసుక. ఒండ్రు పట్టి మూసుకుపోయేది ఆ ఇసుకే. పై అరడుగు ఏటా మే నెలలో తీసి మార్చాలి. ఆ పని ఎవరిదో కాంట్రాక్టు కాగితంలోనే రాయించుకోండి.