పంటు మీద పంచకళ్యాణి

అంతర్వేది వెళ్ళొచ్చి వారం అవుతోంది. కనిపించినవాళ్ళల్లా దర్శనం బాగా అయిందా అని అడుగుతున్నారు, నేనేమో గుర్రం సంగతి మొదలుపెడుతున్నా. మా ఆవిడ అయితే "మీరు వెళ్ళింది నరసింహస్వామి దగ్గరికా, హయగ్రీవుడి దగ్గరికా" అని అడిగేసింది.

అసలు ప్లాన్ భీష్మ ఏకాదశి రథం చూద్దామని. ఆ జనంలో నలగడం నా వల్ల కాదనిపించి రెండు రోజులు ముందే బయల్దేరా. రాత్రి ట్రైన్ ఎక్కి పొద్దున్నే నరసాపురంలో దిగా, స్టేషన్ బయట పెసరట్టు తిన్నా (ఉప్మా పెట్టమంటే ఇంకో ముప్పై అంట, గోదారి జిల్లాలో పెసరట్టుకి ఉప్మా విడిగా బిల్లు వేసే రోజులొచ్చాయి), రేవుకి ఆటోవాడు వంద అంటే బేరమాడే ఓపిక లేక ఎక్కేశా. మా అమ్మ చెప్పేది, చిన్నప్పుడు వాళ్ళ మేనత్త గారింటికి నరసాపురం వస్తే స్టేషన్ నుంచి జట్కాలోనే వెళ్ళేవాళ్ళని, జట్కావాడు కొరడా కర్ర చక్రం ఆకుల్లో పెట్టి టకటకలాడిస్తూ జనాన్ని పక్కకి తప్పించేవాడని. ఇప్పుడు ఆ ఊళ్ళో జట్కా కాదు కదా గుర్రపు లద్ది కూడా కనపడదు అనుకుంటూనే రేవులో దిగా. దిగీ దిగగానే గుర్రం కనపడింది.

సఖినేటిపల్లి వెళ్ళే పంటు, అదే బళ్ళనీ జనాన్నీ ఏరు దాటించే బల్లకట్టు. బైకులు, ఆటోలు, చేపల బుట్టలు, తీర్థానికెళ్ళే ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యలో రివర్సులో ఎక్కించిన బొలెరో ట్రక్కు. వెనక తలుపు తీసే ఉంది, లోపల గుర్రం మొహం బయటకి పెట్టుకుని నిలబడింది. నన్ను జనం తోసుకుంటూ తోసుకుంటూ తీసుకెళ్ళి సరిగ్గా దాని ముక్కు కింద నిలబెట్టారు.

ముందు చూసింది చెవులే. మామూలు గుర్రానికి చెవులు నిటారుగా ఉంటాయి కదా, దీనికి రెండూ లోపలికి వంగి కొసలు ఒకదానికొకటి తగులుతున్నాయి, నెత్తి మీద చిన్న తోరణం కట్టినట్టు. పక్కన ఒక మామ్మగారు "ఏంటండి బాబూ ఆ చెవులు, దణ్ణం పెడుతున్నట్టున్నాయి" అన్నారు. నేను నవ్వేలోపే అది ఫుర్రుమని తుమ్మింది. దర్శనానికని కొత్తగా తొడుక్కున్న తెల్ల లాల్చీ మీద తిన్న దాణా అంతా పడింది, ఉలవల పొట్టుతో సహా. మామ్మగారు కొంగు అడ్డం పెట్టుకుని "పర్లేదండి, శుభమేనండి, ఆయ్" అన్నారు. ఆవిడ మీద పడలేదు మరి.

గుర్రం పక్కన ఉన్న కుర్రాడు తువ్వాలు ఇచ్చి సారీ భయ్యా సారీ భయ్యా అంటూ తుడవబోయాడు. పాతికేళ్ళుంటాయి, చెవులకి చిన్న పోగులు, రాజస్థాన్ వాడు, బాడ్మేర్ వైపు. మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులున్న ఒక రాజుగారి దగ్గర రెండేళ్ళుగా ఈ గుర్రాన్ని చూసుకుంటున్నాడు. మలికిపురంలో రాజుగారి మేనల్లుడి పెళ్ళి, ఊరేగింపుకి తీసుకెళ్తున్నారు. చించినాడ బ్రిడ్జి మీదుగా చుట్టు తిరిగి వెళ్ళొచ్చు కానీ డ్రైవర్‌కి డీజిల్ మీద ప్రేమ. నాకొచ్చిన హైదరాబాదు హిందీ, వాడికొచ్చిన గోదారి తెలుగు కలిపి మాట్లాడుకున్నాం. వాడు కూడా "ఆయ్" అంటున్నాడు, అది వినాలి.

మామూలుగా అయితే పది నిమిషాల్లో అవతల ఒడ్డున ఉండాలి, ఇదంతా ఇక్కడితో అయిపోవాలి. కానీ పాటు మీద నీళ్ళు తగ్గి ఉన్నాయి, నది మధ్యలో ఇసక మేట తగిలి పంటు ఆగిపోయింది. పోటు వచ్చేదాకా కదలదన్నారు. గంటన్నర. ఎండ, చేపల వాసన, నేను, గుర్రం.

"దీని జాతేంటి" అంటే "మార్వాడీ" అన్నాడు. మార్వాడీ అంటే నాకు తెలిసింది మా సెంటర్లో స్వీట్ షాపు. కుర్రాడు దాని కాళ్ళు చూపించాడు, నాలుగు కాళ్ళకీ కింద తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు తెలుపు, మొహం మీద పైనుంచి ముక్కు దాకా తెల్ల చార, మిగతా ఒళ్ళంతా ముదురు ఎరుపు. "పంచ్ కల్యాణ్" అన్నాడు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత బుర్రలో గంట మోగింది. పంచకళ్యాణి! రాకుమారుడు ఎక్కి ఏడు సముద్రాలు దాటే గుర్రం, మా నాయనమ్మ కథల్లో గుర్రం. అది కల్పించిన గుర్రం అనుకున్నా ఇన్నేళ్ళూ, రెక్కలుంటాయని కూడా అనుకున్నా. నాలుగు కాళ్ళు, ఒక మొహం, ఐదు చోట్ల తెలుపు, అంతే దాని అర్థం. బాడ్మేర్ కుర్రాడు చెప్తే తప్ప తెలియని తెలుగు మాట.

ఇంకా పెద్ద ఆశ్చర్యం తర్వాత వచ్చింది. మెడ మీద జూలు పక్కకి తీసి వెంట్రుకల్లో ఒక సుడి చూపించాడు, పొడుగ్గా కిందికి దిగింది. దాన్ని దేవ్‌మన్ అంటారంట, ఉంటే అదృష్టం. కంటి కింద సుడి ఉంటే మాత్రం కొనేవాడు దొరకడంట. నేను ఒంగోలు పక్క వాణ్ణి, మా నాన్న గిత్తలు మేపిన మనిషి. సంతలో గిత్తని బేరం చేసేముందు చుట్టూ తిరిగి సుడులు చూడటం, ఫలానా చోట ఉంటే ఇంటికి చేటు అని వెనక్కి వచ్చేయడం నేను కళ్ళారా చూశా. థార్ ఎడారికీ మా గుండ్లకమ్మకీ ఏం సంబంధం చెప్పండి. ఇద్దరూ సుడి దగ్గర కలిశారు.

మధ్యమధ్యలో జనం ధర కడుతున్నారు. ఒకాయన పది లక్షలుంటుందన్నాడు, చేపల బుట్టాయన పాతిక దాకా తీసుకెళ్ళాడు, "ఆ డబ్బుతో కారొచ్చేది కదండి" అని ఒకరు బాధపడ్డారు. కుర్రాణ్ణి అడిగితే రాజుగారు చెప్పద్దన్నారు అన్నాడు. ఎత్తు మాత్రం గర్వంగా చెప్పాడు, భుజం దగ్గర 64 అంగుళాలంట. ఈ జాతి మామూలుగా 56 నుంచి 62 మధ్య ఉంటుంది. ఇప్పుడు పోటీల్లో అందరికీ ఎత్తు కావాలి, చెవులు కలవాలి, అంతే, నడక ఎవడూ అడగడు అని విసుక్కున్నాడు. ఈ జాతికి రేవాల్ అని ఒక నడక ఉంది, పుట్టుకతోనే వస్తుంది, మీద కూర్చున్నవాడికి కుదుపు తెలియదు, ఇసకలో మైళ్ళకి మైళ్ళు పోవచ్చు. "ఇక్కడ నడవడానికి ఎక్కడ భయ్యా, అన్నీ చెరువు గట్లే" అన్నాడు. డీజే పెడితే కాళ్ళెత్తి ఆడటం మాత్రం నేర్పించారంట.

ఎడారి గుర్రానికి మన డెల్టా పడదు. గిట్టలు నానిపోతాయి, లోపల కుళ్ళు పడుతుంది, అందుకని రోజూ గిట్టలు గీకి ఆరబెట్టాలి, కింద ఊక పొయ్యాలి, తడిసిన ఊక పొద్దున్నే ఎత్తెయ్యాలి. దోమలకి తెర, ఉక్కకి రెండు ఫ్యాన్లు. కరెంటు పోతే చెరువులో ఏరేటర్లకీ గుర్రం ఫ్యాన్లకీ ఒకటే జనరేటర్. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పుడు నాకు ఇంత భాగ్యం లేదు.

పంటు చుట్టూ ఇసక తేలుతుంటే వాడు తిల్వాడా సంత గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చైత్రంలో వాళ్ళ వైపు కొలిచే మల్లీనాథుడి పేరు మీద జరుగుతుంది, గుర్రాలు, ఒంటెలు, ఎడ్లు, అన్నీ లూణీ నదిలోనే. నదిలోనే అంటే నిజంగా నది మధ్యలోనే, ఆ నెలల్లో చుక్క నీరుండదు కాబట్టి ఇసకలోనే గుడారాలు, ఇసకలోనే బేరాలు, ఇసకలోనే పరుగులు. లూణ్ అంటే ఉప్పు, బాలోత్రా దాటాక ఆ నది నీళ్ళు ఉప్పగా మారిపోతాయి. వాడు వంగి మేమున్న గోదారి పాయ, వశిష్ఠ నీళ్ళు దోసిట్లో తీసుకుని నాలిక్కి రాసుకుని "ఇదీ ఉప్పే" అన్నాడు. సముద్రం పక్కనే కదా మరి. అప్పటిదాకా విసుగ్గా ఉన్న నాకు ఎందుకో ఆ కుర్రాడి మీద జాలేసింది, ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడు నీళ్ళు రుచి చూడటం మొదటిసారి చూశా.

ఆ రాత్రి లాడ్జిలో (పన్నెండొందలు, ఫ్యాన్ రెగ్యులేటర్ రెండే నంబర్లు) నిద్ర పట్టక ఫోన్లో ఈ గుర్రం గురించే చదివా. జోధ్‌పూర్ ఏలిన రాఠోడ్‌లు పెంచుకున్న యుద్ధపు గుర్రం. తెల్లోళ్ళకి పోలో పోనీలు, థరోబ్రెడ్‌లు ముద్దు, ఈ వంగిన చెవుల్ని నేటివ్ గుర్రం గుర్తు అని వెక్కిరించేవాళ్ళంట. 1930ల్లో జాతి పాడైపోతుంటే మహారాజా ఉమైద్ సింగ్ మంచి పోతుల్ని ఎంచి నిలబెట్టాడు. స్వతంత్రం వచ్చి జాగీర్లు పోయాక మళ్ళీ అదే కథ, మేపలేక బళ్ళకి కట్టారు, అమ్మేశారు, చాలావాటికి వట్టలు కొట్టేశారు. ఉమైద్ సింగ్ మనవడు గజ్‌సింగ్ మళ్ళీ పట్టించుకున్నాడు. 1999లో దుండ్లోద్ రఘువేంద్ర సింగ్, ఫ్రాన్సెస్కా కెల్లీ అనే విదేశీ ఆవిడ కలిసి దేశవాళీ గుర్రాలకి సొసైటీ పెట్టారు, 2000లో ఆవిడ ఈ గుర్రాల్ని అమెరికాకి తీసుకెళ్ళింది, 2006కి ఎగుమతులు మళ్ళీ ఆపేశారు, 2009లో గవర్నమెంటు ఒప్పుదలతో ఈ జాతి గుర్రాల్ని నమోదు చేసే పుట్టుక పుస్తకం మొదలైంది. పోటీలు, మేళాలు, పెళ్ళి ఊరేగింపులు, అన్నీ కలిసి దాన్ని మళ్ళీ నిలబెట్టాయి. ఒకప్పుడు నవ్విన చెవులే ఇప్పుడు రేటు కట్టే చెవులు.

చదువుతుంటే నాకు కడుపు మండింది, నిజం చెప్తున్నా. మా ఒంగోలు పక్క కరవది ఊరి పేరు పెట్టుకున్న గిత్త 1962లో బ్రెజిల్ వెళ్ళింది, అక్కడ ఒంగోలు జాతి పేరు నెలోర్ అయిపోయి దేశమంతా నిండిపోయింది. మా నాన్న కొట్టంలో ఇప్పుడు స్కూటీ ఉంది.

అన్నట్టు పంటు కదిలింది. పోటు ఎక్కుతుంటే కింద ఇసక గరగరమని వదిలింది, ఆ చప్పుడికి గుర్రం రెండు చెవులూ గిర్రున వెనక్కి తిప్పింది, తోరణం విడిపోయి మళ్ళీ కలిసింది. అది చూడ్డానికి ఇంకో గంటన్నర ఆగమన్నా ఆగుతా. సఖినేటిపల్లి ఒడ్డున ట్రక్కు వెళ్ళిపోయింది, కుర్రాడు చెయ్యి ఊపాడు, పేరు అడగడం మర్చిపోయా.

దర్శనం బాగానే అయింది. స్వామి గుడి తర్వాత గుర్రాలక్క గుడికి కూడా వెళ్ళా. అసలు పేరు అశ్వరూఢాంబిక, స్వామికి చెల్లెలు. రక్తవిలోచనుడనే రాక్షసుడి రక్తం ఇసకలో పడ్డ ప్రతి చోటా కొత్త రాక్షసుడు పుడుతుంటే, కింద పడకుండా ఈ తల్లి తాగేసిందంటారు. లాల్చీ మీద మరకతోనే దణ్ణం పెట్టుకున్నా, గుర్రం ఎక్కే తల్లి కదా, ఏమీ అనుకోదనుకున్నా. బయట కొబ్బరిబోండం యాభై. కోనసీమలో!

ఇంటికొచ్చాక నాన్నకి ఫోటోలు వాట్సాప్ చేసి ఫోన్ చేశా. చెవులు చెప్పా, ఎడారి చెప్పా, మహారాజు చెప్పా, పంచకళ్యాణి అర్థం చెప్పా. అంతా విని కాసేపు మాట్లాడలేదు, ఫోటో పెద్దది చేసుకుని చూస్తున్నట్టున్నాడు.

"ఇది కుడిపక్కేరా" అన్నాడు. "ఎడమపక్క సుడి ఉందో లేదో చూశావా?"