ఐత్వం దగ్గర ఆగిన పదకొండు టీబీలు

"ఎన్ని గంటలు పడుతుందయ్యా?" అని మా సార్ అడిగారు. డేటా ఒక చోటి నుంచి ఇంకో సర్వర్‌కి మార్చేటప్పుడు అందరూ ముందుగా అడిగేది ఇదే. నేను కాల్క్యులేటర్ తీసి లెక్క చెప్పాను. నా లెక్కలో తప్పేమీ లేదు, కానీ పని మాత్రం ఆ లెక్క ప్రకారం జరగలేదు.

మాది విజయవాడలో చిన్న స్కానింగ్ సెంటర్. పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు స్కాన్ చేస్తాం. పేజీకి నాలుగు ఫైళ్ళు తయారవుతాయి: 12 ఎంబీ దాకా ఉండే టిఫ్ బొమ్మ, ఎంబీ పైచిలుకు జేపెగ్ బొమ్మ, చిన్న థంబ్‌నెయిల్, బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్ తీసిన టెక్స్ట్. ఇదంతా ఒక పాత మ్యాక్ మినీకి తగిలించిన రెయిడ్ డబ్బాలో (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కులు కలిపి నడిపే పెట్టె) 14 టీబీ దాకా పేరుకుంది. 2019 వరకు స్కాన్ చేసిన 3 టీబీ అప్పట్లోనే హైదరాబాద్‌లో అద్దెకు తీసుకున్న లైనక్స్ సర్వర్‌లోకి వెళ్ళింది. మిగతా 11 టీబీ, అంటే దాదాపు 33 లక్షల ఫైళ్ళు, ఈ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి. ఆ డబ్బా ఫ్యాన్ గత ఎండాకాలం నుంచి పిండిమరలాగా శబ్దం చేస్తోంది. అందుకే వాటినీ హైదరాబాద్ సర్వర్‌కి చేర్చాలనుకున్నాం.

ఆఫీసులో ఉన్నది 100 ఎంబీపీఎస్ లైను. ఇక్కడే చాలామంది పొరపడతారు. అవి మెగాబిట్లు, మెగాబైట్లు కావు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ. ఆ లెక్కన 11 టీబీ వెళ్ళడానికి పది రోజులు పైనే. అదీ లైను క్షణం కూడా పడిపోకుండా, ఆఫీసులో ఇంకెవరూ నెట్ వాడకుండా ఉంటే. మా అకౌంటెంట్ గారికి జీఎస్టీ రిటర్నులు వేసే వారం అది. "నెట్ స్లోగా ఉందేంటండీ" అని ఆయన పది రోజులు అడుగుతూనే ఉంటారు.

అందుకని బస్సు అన్నాను. సార్ నవ్వారు. నేను నిజంగానే అన్నాను. 8 టీబీ డిస్కులు రెండు కొని, వాటిలో ఎక్కించుకుని ఆర్టీసీ ఏసీ బస్సెక్కితే విజయవాడ నుంచి హైదరాబాద్ ఆరు గంటలు. 11 టీబీని ఆరు గంటలతో భాగిస్తే సెకనుకు 4 గిగాబిట్లు. మా ఊళ్ళో ఏ ప్రొవైడరూ మాకు అంత లైను ఇవ్వడు, ఇచ్చినా మేం కట్టలేం. పెద్దవాళ్ళు చేసేదీ ఇదే. కృష్ణబిలం (బ్లాక్ హోల్) ఫోటో కోసం 2017 ఏప్రిల్‌లో ప్రపంచమంతా టెలిస్కోపులు పెట్టి చూసినప్పుడు ఆ డేటా నెట్‌లో వెళ్ళలేదు, డిస్కుల్లో విమానమెక్కింది. దక్షిణ ధ్రువంలో నింపిన డిస్కులైతే అక్కడి చలికాలం పోయి విమానాలు తిరిగేదాకా ఆగి, డిసెంబర్‌కి గానీ చేరలేదు. మాకు సూర్యాపేట దగ్గర టీ కోసం ఆగితే చాలు.

ఒక పాత లైనక్స్ మెషిన్‌కి డిస్కులు తగిలించి, మ్యాక్ నుంచి ఆఫీసు నెట్‌వర్క్ మీదుగా లాగడం మొదలుపెట్టాను. గిగాబిట్ కేబుల్ కాబట్టి సెకనుకు 110 ఎంబీ వస్తుంది, ఇరవై ఎనిమిది గంటల్లో అయిపోవాలి. మొదటి గంట అలాగే వచ్చింది, నేను హాయిగా భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి 28 ఎంబీకి పడిపోయి ఉంది. కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను. చివరికి తేలిందేమిటంటే, డబ్బులు కలిసొస్తాయని నేను కొన్న డిస్కులు ఎస్ఎంఆర్ రకం. వాటిలో ట్రాకులు ఇంటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవి కూడా కదపాలి. ముందున్న క్యాష్ (తాత్కాలికంగా రాసుకునే చోటు) నిండేదాకా జోరుగా రాస్తాయి, నిండాక నడక మొదలుపెడతాయి. డిస్కు వచ్చిన అట్టపెట్టె మీద ఆ మాట ఎక్కడా లేదు. మోడల్ నంబరు పట్టుకుని వెతికితే గానీ తెలియలేదు.

పైగా చిన్న ఫైళ్ళు. ఒక 12 ఎంబీ టిఫ్ వెళ్ళే టైములో నాలుగు కేబీల టెక్స్ట్ ఫైళ్ళు వేలకు వేలు వెళ్ళిపోవాలి కదా అనిపిస్తుంది. వెళ్ళవు. ప్రతి ఫైలుకీ తెరవడం, పేరు రాయడం, తేదీ వేయడం, మూయడం తప్పవు. పెళ్ళిలో వంద మందికి ఒక్కొక్కరికీ విడిగా గ్లాసుతో నీళ్ళు మోసుకెళ్ళినట్టు. థంబ్‌నెయిళ్ళు, టెక్స్టులు కలిపి 16 లక్షల పైన ఉన్నాయి. వాటిని పుస్తకానికి ఒకటి చొప్పున టార్ మూటలు కట్టి పంపాను, అప్పుడు గానీ కదల్లేదు.

ఇంకో గొడవ మన లిపితో వచ్చింది. కొన్ని ఫోల్డర్ల దగ్గర "ఫైల్ నేమ్ టూ లాంగ్" అని ఎర్రర్. మావాళ్ళు ఫోల్డర్ పేరులోనే పుస్తకం పేరు, రచయిత, ప్రెస్, ముద్రణ, సంవత్సరం అన్నీ రాస్తారు. మ్యాక్‌లో పేరుకి 255 అక్షరసంకేతాల (కంప్యూటర్ అక్షరాన్ని దాచుకునే ముక్కల) దాకా పడతాయి. లైనక్స్ ఎక్స్‌ట్‌4 ఫైల్‌సిస్టమ్‌లో (డిస్కు మీద ఫైళ్ళని దాచే పద్ధతి) హద్దు 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగుకి ఒక్కో సంకేతానికి మూడు. అంటే మనకి 85 మాత్రమే. అందులోనూ "స్త్రీ" చూడటానికి ఒక్క అక్షరం, లోపల ఆరు సంకేతాలు, 18 బైట్లు. "స్వాతంత్ర్యోద్యమం" అన్న ఒక్క మాటకే 51 అయిపోతాయి. అలాంటి ఫోల్డర్లు నలభై దాకా తేలాయి. స్కానింగ్ సెక్షన్ మేడం గారు కూర్చుని ఒక్కొక్కటీ కుదించారు. ముద్రణాలయం పేర్లు తీసేయడం ఆవిడకి అస్సలు ఇష్టం లేదు. ఆవిడ దృష్టిలో అది పుస్తకం ఇంటిపేరు తీసేయడమే.

అలా ఇరవై ఎనిమిది గంటల పని నాలుగు రోజులైంది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. కాపీ నడిచేది, మన తెర మూసినా పని ఆపని టీమక్స్‌లో కాబట్టి నా ల్యాప్‌టాప్ ఆగినా అది ఆగలేదు, పాపం ఇన్వర్టర్ కూడా నిలబడింది.

డిస్కులు రెండూ తువ్వాలు చుట్టి, బట్టల మధ్య పెట్టి, బ్యాగు కాళ్ళ దగ్గర కాకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన బ్యాగులో ఏమున్నాయని అడిగాడు. పుస్తకాలండీ అన్నాను. ఎన్ని అంటే నాలుగు వేలు దాటతాయి అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

హైదరాబాద్‌లో డిస్కుల నుంచి సర్వర్‌కి ఎక్కించడం మామూలుగానే జరిగిపోయింది, చదవడంలో ఎస్ఎంఆర్ అంత ఏడిపించదు. విజయవాడ తిరిగొచ్చాక మిగిలింది ఆఖరి సింకు, అంటే రెండు చోట్లా ఒకేలా ఉండేట్టు చేయడం. నేను ప్రయాణాల్లో ఉన్న రోజుల్లో స్కానింగ్ ఆగలేదు కదా, కొత్తగా పన్నెండు పుస్తకాలు అయ్యాయి. అవి నెట్ మీద పంపేస్తే సరి. దానికి ఆర్‌సింక్ ఉంది. 1996 లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనే ఇద్దరు చేసిన పనిముట్టు, ఇవాళ్టికీ దీన్ని మించింది నాకు కనబడలేదు. రెండు వైపులా చూసి, సైజు గానీ తేదీ గానీ తేడా ఉన్న ఫైళ్ళనే పంపుతుంది. ఏం పంపబోతోందో ముందు ఊరికే చూపించమంటే చూపిస్తుంది, దాన్ని డ్రై రన్ అంటారు. డ్రై రన్ చేయకుండా నేను ఏ సింకూ మొదలుపెట్టను. ఎందుకో కింద చెప్తాను.

పన్నెండు ఫోల్డర్లు చూపించాలి. అరవై తొమ్మిది చూపించింది.

ఎక్కువ వచ్చిన యాభై ఏడూ 2019 కి ముందువి, అంటే సర్వర్‌లో ఎప్పటి నుంచో ఉన్నవి. వెళ్ళి చూస్తే ఉన్నాయి. పేరు అక్షరం అక్షరం పోల్చి చూశాను, ఒకటే. సైజు ఒకటే, తేదీ ఒకటే. అయినా ఆర్‌సింక్ లేవంటోంది. మిగతా వెయ్యి పైచిలుకు పాత పుస్తకాల మీద దానికి ఏ అభ్యంతరమూ లేదు, ఈ యాభై ఏడే. చేసేది లేక జాబితా ప్రింటు తీసి బల్ల మీద పడేసి టీకి వెళ్ళాను. మేడం గారు అటుగా వెళ్తూ ఆ కాగితం చదివారట. నేను రాగానే, "ఇవన్నీ ఐత్వం ఉన్నవే ఏరారేంటండీ?" అన్నారు.

చూద్దును కదా, వైద్యం, శైవం, దైవం, సైన్సు, మైసూరు, హైదరాబాదు. ఒక్కటి కూడా తప్పలేదు.

సంగతేమిటంటే, కంప్యూటర్లలో అక్షరాలకి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే సంకేతంగా మూడు బైట్లలో, లేదా పైన ఎత్వం, కింద వంకర గీత, రెండు సంకేతాలుగా ఆరు బైట్లలో. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. తెలుగు గుణింతం మొత్తంలో ఇలా విడిపోయే గుర్తు ఇదొక్కటే. పాత పుస్తకాలు అప్పట్లో విండోస్ మెషిన్ల నుంచి నేరుగా సర్వర్‌కి వెళ్ళాయి, కీబోర్డు కొట్టినట్టే మూడు బైట్లతో. అవే పుస్తకాలు మ్యాక్‌లోకీ వెళ్ళాయి. పాత మ్యాక్‌ల ఫైల్‌సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ మాత్రం పేరు దాచుకునేటప్పుడే దాన్ని విడదీసి దాచుకుంటుంది. నిజానికి మనం పలక మీద దిద్దింది కూడా అలాగే కదా, ఎత్వం ఇచ్చి కింద గీత. కానీ లైనక్స్‌కి బైట్లు వేరైతే పేరు వేరు. నేను చూసుకోకుండా సింకు నొక్కి ఉంటే ఈ యాభై ఏడు పుస్తకాలూ సర్వర్‌లో రెండేసి కాపీలుగా, చూపుకి అచ్చం ఒకే పేరుతో పక్కపక్కన కూర్చునేవి. 150 జీబీ దండగ అయ్యేది, అది పోనీ. ఎవరో ఒక కాపీలో తప్పు దిద్ది రెండో కాపీని వాడుకుంటే ఎవరికి తెలుస్తుంది?

మందు ఆర్‌సింక్‌లోనే ఉంది, దారిలో పేర్ల ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ ఆప్షన్. అయితే ఆ మ్యాక్‌తో పాటు వచ్చిన ఆర్‌సింక్ 2.6.9, ఆ ఆప్షన్ 3.0 నుంచే ఉంది. కొత్తది వేసుకున్నాను. ఆపైన, బస్సులో వెళ్ళిన పుస్తకాల పేర్లు కూడా విడిపోయిన రూపంలోనే చేరాయి కాబట్టి వాటిని కన్వ్‌ఎమ్‌వి అనే చిన్న ప్రోగ్రాంతో సర్వర్ మీదే కలిపేశాను. మళ్ళీ డ్రై రన్. పన్నెండు.

డ్రై రన్ చాదస్తం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. 2014 లో నేను పని చేసిన ఒక చిన్న కంపెనీలో రోజూ రాత్రి రెండు గంటలకి బ్యాకప్ సింకు నడిచేది, డిలీట్ ఆప్షన్‌తో. అసలు చోట తీసేసినవి బ్యాకప్‌లోనూ తీసేయమని దాని అర్థం. ఒక రాత్రి సర్వర్ రీస్టార్ట్ అయింది, డేటా డిస్కు మాత్రం మౌంట్ కాలేదు, అంటే సర్వర్‌కి తగులుకోలేదు. ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంది. ఖాళీ ఫోల్డర్ ఆర్‌సింక్‌కి తప్పేమీ కాదు. చెప్పినట్టే బ్యాకప్‌ని కూడా ఖాళీ చేసి, పని విజయవంతంగా ముగిసిందని మెయిల్ పంపింది. అసలు డిస్కు బతికే ఉంది కాబట్టి నా ఉద్యోగమూ బతికింది. అప్పటినుంచి నా స్క్రిప్టుల్లో మొదటి పని డిస్కు మౌంట్ అయిందా లేదా చూడటం, రెండోది ఇన్ని ఫైళ్ళకి మించి తీసేయొద్దని మాక్స్ డిలీట్ హద్దు పెట్టడం.

చివరగా చెక్‌సమ్‌లు. ఫైల్లో ఏది మారినా మారిపోయే వేలిముద్ర లాంటి అంకెలవి. రెండు వైపులా ప్రతి ఫైలుకీ ఎండీ5 అనే రకం తీసి పోల్చాను, దానికే రెండు రోజులు. ఇది దండగ పని అన్నవాళ్ళున్నారు. 33 లక్షల్లో మూడు తేడా వచ్చాయి. సైజు, తేదీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి ఆర్‌సింక్ వాటిని మామూలుగా పట్టుకోదు. ఒక టిఫ్ తెరిస్తే పేజీ సగం వరకు బాగానే ఉంది, కింద సగం బూడిదరంగు చారలు. యూఎస్‌బీ కేబుల్ మీద నా అనుమానం, రుజువు లేదు. మూడూ మళ్ళీ పంపాను, కేబుల్ చెత్తబుట్టలో పడేశాను.

"అయిపోయింది కదా, ఆ మ్యాక్ డబ్బా తుడిచేసి కొత్త స్కాన్లకి వాడదాం" అన్నారు సార్. తుడిస్తే మళ్ళీ ఒకటే కాపీ మిగులుతుందండీ, ఊరు మారిందంతే అన్నాను. రెయిడ్ ఉంది కదా అన్నారు. రెయిడ్ డిస్కు పోతే కాస్తుంది, మన వేలు జారితే కాయదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్ మీద డేటాబేస్ తుడిచేశాడు, దాదాపు 300 జీబీ. అప్పుడు చూసుకుంటే వాళ్ళు పెట్టుకున్న బ్యాకప్ ఏర్పాట్లు వరసగా ఒక్కోటీ పనికిరానివని తేలాయి. బ్యాకప్ ఫెయిలైందని చెప్పే మెయిళ్ళు కూడా చేరడం లేదు. ఆరు గంటల ముందు ఎవరో వేరే పని కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నదున్నట్టు తీసిన కాపీ) ఒక్కటి దక్కింది. ఇదంతా వాళ్ళే దాచుకోకుండా రాసుకున్నారు, అందుకు వాళ్ళకి దండం పెట్టాలి. సార్‌కి ఈ కథ చెప్పాక కొంచెం మెత్తబడ్డారు.

ఇప్పుడు బస్సులో వెళ్ళొచ్చిన ఆ రెండు ఎస్ఎంఆర్ డిస్కులే మూడో కాపీ. మిగతా 3 టీబీ కూడా వాటిలోకే ఎక్కించాను. నెమ్మదిగా రాసినా, బీరువాలో పడుండే పనికి అవి బాగానే పనికొస్తాయి. నెలకోసారి మేడం గారు తనకిష్టమైన పుస్తకం పేరు ఒకటి చెప్తారు, నేను ఆ డిస్కులోంచి తీసి తెరిచి చూపించాలి. మొన్న అడిగింది ఒక వైద్య గ్రంథం. కావాలనే అడిగారని నాకు తెలుసు. తెరుచుకుంది. ఆవిడ ఆఖరి పేజీ దాకా తిప్పి చూసి, ముద్రణాలయం పేరు కాటలాగ్ షీట్‌లో ఉందో లేదో కూడా చూసుకుని వెళ్ళారు.

మ్యాక్ డబ్బా ఇంకా తిరుగుతూనే ఉంది, అదే శబ్దంతో. దాని మీద "తుడవొద్దు" అని కాగితం అంటించాను.