అలియం ఆకుల జోలికి వెళ్లకండి

మా తోటలో అలియంలు పూసినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు పువ్వు చూసి మురిసిపోతారు. తర్వాత కిందికి చూసి, "ఆకులన్నీ ఎండిపోతున్నాయే, నీళ్లు చాలట్లేదా?" అని అడుగుతారు. నీళ్లు సరిపడా ఉన్నాయి. ఈ మొక్క తీరే అంత. పువ్వు విచ్చుకునే వేళకే ఆకు కొసల నుంచి పసుపు తిరగడం మొదలవుతుంది. అలియం వేయాలనుకునేవాళ్లకు గడ్డలు కొనకముందే నేను చెప్పేది ఈ సంగతే.

అలియం అంటే ఉల్లి, వెల్లుల్లి వర్గమే. ఇందులో వందల రకాలున్నాయి. వాటిలో కేవలం పువ్వు కోసం పెంచుకునేవి ఈ అలంకరణ ఉల్లులు. పెద్ద పెద్ద ఊదా రంగు బంతులు పూసే రకాలు చాలామటుకు మధ్య ఆసియా, ఇరాన్, అఫ్ఘానిస్తాన్ కొండ ప్రాంతాల నుంచి వచ్చినవి. అక్కడ చలికాలమంతా గడ్డకట్టించే చలి. మంచు కరిగాక కొన్ని వారాలు నేలలో తేమ ఉంటుంది. ఆ తర్వాత ఎండాకాలం పొడుగునా వాన ఊసుండదు. తేమ ఉన్న ఆ కొద్ది వారాల్లోనే మొక్క ఆకులు వేసుకోవాలి, వచ్చే ఏటికి కావాల్సిన తిండి గడ్డలో దాచుకోవాలి. ఎండ ముదిరేసరికి ఆకుల పని అయిపోతుంది, కాడ మీద పువ్వు మాత్రం నిలబడుతుంది. మనం ఎన్ని నీళ్లు పోసినా ఆ లెక్క మారదు.

అందుకే ఆకులు చూడ్డానికి బాగాలేవని కత్తిరించొద్దు. పచ్చదనం ఉన్నంతసేపూ ఆకు గడ్డకు తిండి పంపుతూనే ఉంటుంది. తొందరపడి కోసేస్తే గడ్డ చిక్కిపోయి, మరుసటి ఏడు పువ్వు చిన్నదవుతుంది, ఒక్కోసారి అసలు రాదు. కొందరు ఆకుల్ని జడలా అల్లి ముడి పెడతారు. అదీ వద్దు, ఎండ తగలని ఆకు ఉండీ లాభం లేదు. మెల్లగా పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేదాకా ఆగండి. కంటికి ఇబ్బందిగా ఉంటే ముందు వరుసలో ఇంకో మొక్క వేసి కప్పేయడమే మంచి దారి. నేను పుదీనా కుటుంబానికి చెందిన క్యాట్‌మింట్ అనే మొక్క వేశాను. అలియం ఆకులు వాడే వేళకు అది గుబురుగా లేచి వాటిని కమ్మేస్తుంది. దాని నీలి పూల మీదుగా ఊదా బంతులు పైకి లేస్తే ఆ జోడీ నాకు ఎంతో ఇష్టం.

నాటే పద్ధతి కూడా ఆ కొండల వాతావరణాన్ని బట్టే. చలి ముదరకముందే గడ్డ నేలలో పడాలి. గడ్డ ఎత్తుకు రెండు మూడింతల లోతు, రోజంతా ఎండ, నీళ్లు నిలవని నేల. బంకమట్టి అయితే మడి కాస్త ఎత్తు చేసి చిన్న కంకర కలపండి. నిద్రావస్థలో ఉన్న గడ్డకు చలితో పేచీ లేదు, తడితోనే. తడి నేలలో కుళ్లిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి వేసి తెల్లకుళ్లు తెగులు వచ్చిన మడిలో మాత్రం అస్సలు పెట్టొద్దు. ఆ తెగులు ఏళ్ల తరబడి నేలను వదలదు.

పువ్వు విచ్చుకునే వరస దగ్గర కూర్చుని చూడాల్సిందే. కాడ చివర మొనదేలిన మొగ్గ, దాని చుట్టూ పల్చటి పొర. ఒక రోజు ఆ పొర చిట్లుతుంది. లోపల చిన్న చిన్న మొగ్గలు కిక్కిరిసి ఉంటాయి. ప్రతి మొగ్గకీ దాని సొంత తొడిమ, ఆ తొడిమలన్నీ బయల్దేరేది కాడ కొసన ఒక్క చోటు నుంచే. రోజులు గడిచేకొద్దీ తొడిమలు సాగి, మొగ్గలు దూరం జరిగి, గుండ్రటి బంతి తయారవుతుంది. క్రిస్టోఫీ అనే రకంలో అయితే ఒక్కో పువ్వూ ఆరు సన్నటి రెక్కల నక్షత్రం. ఆ రెక్కల మీద లోహపు మెరుపు ఉంటుంది. బంతి వెడల్పు 20 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఎండిపోయాక కూడా రెక్కలు రాలకుండా బిరుసెక్కి అలాగే నిలుస్తాయి. ఎత్తు కావాలంటే జైగాంటియం ఉంది, మనిషంత లేస్తుంది. గ్లోబ్‌మాస్టర్ గింజ కట్టదు కాబట్టి పువ్వు ఎక్కువ రోజులు ఉంటుంది. అయినా ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు క్రిస్టోఫీకే. మొదటిసారి వేసేవాళ్లకు పర్పుల్ సెన్సేషన్ తేలిక. షుబర్టీ సంగతి వేరు, దాని తొడిమలు కొన్ని పొట్టి, కొన్ని బాగా పొడుగు. ఎండాక బంతి మొత్తం కాడ నుంచి విరిగిపోయి, గాలికి దొర్లుతూ గింజలు చల్లుకుంటూ పోతుంది.

చలి సరిగా పడని చోట ఈ పెద్ద రకాలు పూయడం కష్టం. అక్కడ వెల్లుల్లి వాసన ఆకులుండే ట్యూబరోసమ్ అనే అలియం రకం వేసుకోండి. ఎండాకాలం చివర తెల్లటి పూలు గుత్తులుగా పూస్తుంది, ఆకు పచ్చగానే ఉంటుంది. గింజ రాలితే తోటంతా పాకుతుంది కాబట్టి వాడిన పూలు తీసేస్తుండాలి. కుదురుగా పెరిగే మిలేనియం రకంతో ఆ గొడవ లేదు. దానికీ ఎండాకాలమంతా ఆకు పచ్చగా ఉంటుంది. 2018లో అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షిక మొక్కగా ఎంపికైంది కూడా.

ఆకు నలిపితే వచ్చే గంధకపు ఘాటు వల్ల జింకలు, కుందేళ్లు దాదాపు ముట్టవు. తేనెటీగలకు మాత్రం పండగే. కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో జాగ్రత్త. ఉల్లి జాతి ఏది తిన్నా వాటి ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. తవ్విన గడ్డలు వాటికి అందేలా వదలొద్దు.

పెద్ద రకాలు గింజ నుంచి పూతకు రావాలంటే మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. తొందరున్నవాళ్లు తల్లి గడ్డ పక్కన పుట్టే పిల్ల గడ్డల్ని విడదీసి నాటుకోవచ్చు. నేను రెండూ చేస్తున్నాను. క్రిస్టోఫీ చుట్టూ రాలిన గింజలు ఇప్పుడు సన్నటి ఒంటి ఆకులతో మొలిచాయి, అచ్చం గడ్డిలాగే ఉన్నాయి. కలుపు తీసేటప్పుడు అనుమానం వస్తే కొస గిల్లి వాసన చూస్తున్నాను. ఉల్లి ఘాటు తగిలితే దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్తున్నాను.