మెట్ల కింద బ్యాటరీ

మౌలాలీలో మా ఇంటి మెట్ల కింద ఇన్వర్టర్‌కి పెట్టిన 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే కెపాసిటీ) ట్యూబులర్ బ్యాటరీ ఉంది, అప్పుడప్పుడు నీళ్లు పోయాల్సిన రకం. మొన్న మే నెలలో ఘాటు వాసన వస్తోందని మూత తీస్తే నీళ్లు అడుగంటి ప్లేట్ల అంచులు కనిపించాయి. 5 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బాలో సగం తాగేసింది!

మీటర్ పెట్టి చూశా. బ్యాటరీ ఫుల్ అయ్యాక ఛార్జింగ్ వోల్టేజీ 13.6 వోల్టుల దగ్గరికి దిగాలి కదా, రాత్రంతా 14.4 దగ్గరే నిలబడింది. దాంతో నీళ్లు గ్యాసై పోతున్నాయి. పైగా మన ఎండలకి ఆ వోల్టేజీ ఇంకా తగ్గాలి: బ్యాటరీ వేడి 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ సుమారు 0.02 వోల్టు. మా పాత ఇన్వర్టర్‌కి ఆ తెలివి లేదు. నాకూ లేదులెండి.

వేడిని బట్టి ఛార్జింగ్ తగ్గించే ఇన్వర్టర్ కొన్నా. దాని సెన్సర్ వైరుని బ్యాటరీ పక్కకి టేపుతో అంటించా. అమ్మకి మాత్రం ఒకటే టెన్షన్: సీరియల్ టైముకి కరెంటు పోతే టీవీ ఆగదు కదా అని.